ఉదయం ఫలహారంతో ఇంగ్లీషు వారి గట్టి టీ: ఇంట్లో ఆ రుచి ఎందుకు రావడం లేదు?

రెడింగ్_రవళి
యార్క్‌షైర్ వెళ్లినప్పుడు మేము దిగిన బసలో ఉదయం ఫలహారంతో పాటు పింగాణీ కెటిల్ నిండా టీ తెచ్చిపెట్టేవారు. కప్పులో పోస్తే అడుగు కనిపించనంత ఎరుపు. రెండు చెంచాల చల్లని పాలు కలిపినా ఆ ఎరుపు తగ్గలేదు. చేదు లేదు, వగరు మాత్రం నాలుక అంచులకు బాగా తెలిసేది. వేయించిన గుడ్డు, పుట్టగొడుగులు, వెన్న రాసిన టోస్టు తిని ఒక గుక్క తాగితే నోరు శుభ్రపడి మళ్లీ తినాలనిపించేది. అదే కంపెనీ డబ్బా కొనుక్కుని రెడింగ్ వచ్చాను. ఇక్కడ పెడితే బూడిద కలిపినట్టు మసక రంగు, పైన తెట్టు, కప్పు అంచు చుట్టూ గోధుమ రంగు చార. ఎక్కువసేపు ఉంచితే రంగు వస్తోంది, రుచి రావడం లేదు. మా వారు అల్లం, యాలకులు వేసి మరిగించెయ్యి అంటున్నారు. అది నాకూ ఇష్టమే, కానీ అది సాయంత్రానికి. ఉదయం నాకు ఆ ఫలహారపు టీ కావాలి. లోపం ఎక్కడ ఉంది?

డికాషన్_ప్రియుడు
రెండు టీ సంచులు వేయండి.

రెడింగ్_రవళి
వేసి చూశాను. రంగు పెరిగింది, తెట్టు అలాగే ఉంది.

ఉత్తరగాలి
లీడ్స్‌లో ఉంటాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: మీ టీ పొడిలో లోపం లేదు, మీ కుళాయిలో ఉంది. మా వైపు నీళ్లు చాలావరకు కొండల మీది జలాశయాల నుంచి వస్తాయి, సున్నం తక్కువ. థేమ్స్ లోయ అంతా సుద్దరాయి నేల. ఆ నీళ్లలో సున్నం దండిగా ఉంటుంది. మీ కరెంటు కెటిల్ మూత తీసి అడుగు చూడండి, తెల్లగా పెచ్చు కట్టి ఉంటుంది.

రెడింగ్_రవళి
చూశాను. పెచ్చులు పెచ్చులుగా ఉంది! నెల క్రితమే కొన్న కెటిల్.

కొండనీరు
గ్లాస్గో నుంచి. మాకు లాక్ కాట్రిన్ సరస్సు నీళ్లు వస్తాయి. 1859లో విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించిన పథకం అది, నేటికీ నడుస్తోంది. కెటిల్‌లో సున్నం అనే మాటే మాకు తెలియదు. లండన్‌లో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా టీ విషయంలో నాకు కష్టమే. అదే సంచి, అవే పాలు, టీ మాత్రం వేరు.

ఆకు_రుచి
చాలా ఏళ్లు టీ మిశ్రమాలు కలిపే చోట పనిచేశాను, కోల్‌కతాలో. ఉత్తరగాలి గారు చెప్పింది నిజం, కారణం కొంచెం విడమరుస్తాను.

ఆ తెట్టు మీగడ కాదు. నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్ రెండూ టీకి వగరు ఇచ్చే పాలీఫినాల్స్‌తో, పైన తగిలే గాలితో కలిసి కట్టే పొర అది. లండన్ ఇంపీరియల్ కాలేజీ రసాయన శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలించి 1993లో నేచర్ పత్రికలో రాశారు. ఆమ్లం తగిలితే పొర కట్టదు, అందుకే నిమ్మచెక్క పిండిన టీలో తెట్టు కనిపించదు. టీ రంగు కూడా ఆమ్లం మీద ఆధారపడి ఉంటుంది. సున్నపు నీళ్లు క్షారం వైపు ఉంటాయి కాబట్టి ఎరుపు నల్లబడి మసకగా మారుతుంది. రుచిలోని చురుకుదనం మొదట పోతుంది, వగరు తర్వాత పోతుంది. చివరికి రంగు మాత్రం మిగిలిన నీళ్లు తాగుతున్నట్టు ఉంటుంది.

మీరు చేయవలసిన పని ఒక్కటే. జగ్గు ఫిల్టరు కొని, అందులో వడకట్టిన నీళ్లతో టీ పెట్టండి. కెటిల్‌లో ఒకసారి వెనిగర్ పోసి కాచి, బాగా కడిగేయండి. అక్కడి దుకాణాల్లో సున్నపు నీళ్ల కోసమే కలిపిన యార్క్‌షైర్ టీ డబ్బా విడిగా దొరుకుతుంది, అదీ పనిచేస్తుంది.

నిమ్మచెక్క
నిమ్మకాయ పిండితే సరిపోయే దానికి ఫిల్టరు ఎందుకు? పాలు మానేయండి. గట్టి టీలో నిమ్మ, ఏమీ కలపని తీపి లేని టీ. నేను రోజూ తాగేది అదే.

ఉత్తరగాలి
నిమ్మచెక్క గారు, మంచి పానీయమే, కానీ బేకన్, గుడ్డు, బీన్స్ పక్కన పెట్టే టీ అది కాదు. ఇంగ్లీషు ఫలహారంలో టీకి పాలు ఉండాలి.

పెసరట్టు_ఉప్మా
మాది తెనాలి. నాకు ఒక అనుమానం. పాలు లేకుండా గట్టిగా తాగడమా, పాలతో గట్టిగా తాగడమా, ఏది అసలైన పద్ధతి? మా ఇంట్లో టీ అంటే సగం పాలు, సగం నీళ్లు. అది గట్టి టీ అనే అనుకుంటాం.

ఆకు_రుచి
అసలైనది అంటూ ఒకటి ఉందని నేను అనను. కానీ ఇంగ్లీషు వారి ఫలహారపు మిశ్రమాన్ని కలిపేటప్పుడే పాలను దృష్టిలో పెట్టుకుంటారు. అస్సాం ఆకు దానికి బలం ఇస్తుంది. మే, జూన్‌లలో కోసే రెండో కోత ఆకులో మాల్ట్ వాసన ఉంటుంది, హార్లిక్స్ సీసా మూత తీసినప్పుడు వచ్చే వాసన లాంటిది. కెన్యా ఆకు రంగు ఇస్తుంది, రాగి ఎరుపు. సిలోన్ ఆకు చురుకుదనం ఇస్తుంది. మూడూ కలిపి పాలు లేకుండా తాగితే కొంచెం మొరటుగా ఉంటుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ వగరును పట్టి ఉంచుతుంది కాబట్టి, రెండు చెంచాలు పడగానే మొరటుతనం పోయి బలం మిగులుతుంది. పాలు రెండు చెంచాలు దాటితే టీ వెనక్కి పోయి పాలు ముందుకు వస్తాయి. అంతే తేడా.

మీ తెనాలి టీ గురించి: గేదె పాలలో కొవ్వు ఎక్కువ. అందులో టీ రుచి బయటపడాలంటే పొడిని మరిగించక తప్పదు. ఆ పాలకు ఆ పద్ధతి సరైనదే.

పాతబస్తీ_కప్పు
మరిగించకపోతే టీ బలం ఎక్కడి నుంచి వస్తుంది? మా హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో డికాషన్ గంటల తరబడి సన్నని సెగ మీద ఉంటుంది. పాలు విడిగా మరిగి చిక్కబడతాయి. ఆ రెండూ కప్పులో కలిసినప్పుడు వచ్చే బలం ముందు సంచి ముంచిన నీళ్లు ఏపాటి?

ఉత్తరగాలి
పాతబస్తీ_కప్పు గారు, ఇరానీ చాయ్ మీద నాకు ఎంతో గౌరవం. ఉస్మానియా బిస్కెట్ కోసం నేనూ క్యూలో నిలబడ్డవాణ్ణే. కానీ మీరే చెప్పారు, డికాషన్ విడిగా, పాలు విడిగా అని. ఇంగ్లీషు పద్ధతిలోనూ అంతే కదా. మొత్తం కలిపి మరిగించే మా ఇంటి టీ కంటే మీ చాయ్ వీళ్ల టీకే దగ్గర.

పాతబస్తీ_కప్పు
ఆ మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ చక్కెర లేకుండా చాయ్ తాగమంటే మాత్రం ఒప్పుకోను.

డికాషన్_ప్రియుడు
చక్కెర లేకుండా తాగేవారికి ఓపిక ఎక్కువ.

ఆకు_రుచి
మరిగించడం గురించి ఒక మాట. ఆకును పొయ్యి మీద మరిగిస్తే వగరు, చేదు ఎక్కువ దిగుతాయి, పరిమళం ఆవిరితో పోతుంది. పాలు, చక్కెర, అల్లం ఆ చేదును మోస్తాయి కాబట్టి మన టీ రుచిగా ఉంటుంది. ఇంగ్లీషు పద్ధతిలో మోసేవాళ్లు లేరు. రెండు చెంచాల పాలు ఎంతని మోస్తాయి? అందుకే మరిగే నీళ్లు ఆకు మీద పోసి, మూత పెట్టి, పొయ్యికి దూరంగా ఉంచాలి. బలం కావాలంటే ఆకు పెంచాలి, సమయాన్ని మరీ పెంచకూడదు. టీ గురించి నన్ను ఎవరు ఏది అడిగినా నేను మొదట చెప్పేది ఈ మాటే.

కొత్తగా_వచ్చాను
కోవెంట్రీలో చదువుకుంటున్నాను. ఎన్ని నిమిషాలు ఉంచాలి? సంచి ముంచి రెండుసార్లు ఊపి తీసేస్తాను, ఇక్కడ అందరూ అలాగే చేస్తున్నారు.

ఉత్తరగాలి
ఊపి తీసేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. నాలుగు నిమిషాలు ఉంచండి. ఐదు అయినా పరవాలేదు. మగ్గు మీద సాసరు బోర్లించండి, వేడి పోదు. పాలు సంచి తీశాకే పోయాలి. సంచి ఉండగా పోస్తే నీళ్లు చల్లబడి టీ దిగడం ఆగిపోతుంది.

కొండనీరు
పాలు ముందే పోయాలి అనేవారు కూడా ఉన్నారు మరి.

ఆకు_రుచి
పింగాణీ కెటిల్‌లో టీ దిగాక కప్పులోకి వంచేటప్పుడు పాలు ముందున్నా తప్పు లేదు. నిజానికి టీ రుచి చూసేవారి కోసం 1980లో వచ్చిన ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణంలో పాలు ముందు పోసే పద్ధతి ఉంది, వేడి టీ తగిలి పాలు ఒక్కసారిగా కాగిపోకుండా. అదే ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు, పింగాణీ పాత్ర, మూత. ఇది తాగడానికి కాదు, ఆకులో ఉన్న మంచి చెడూ బయటపెట్టడానికి. దీనికి మూలమైన బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి వచ్చింది. లోకమంతా నవ్వుకుంది కానీ మా పనివాళ్లకు అది రోజూ పనికొచ్చే కాగితం. అందరూ ఒకేలా కాస్తేనే రెండు ఆకుల మధ్య తేడా తెలుస్తుంది.

మగ్గులో సంచితో చేసేటప్పుడు మాత్రం పాలు తర్వాతే.

రెడింగ్_రవళి
ఇండియా నుంచి తెచ్చుకున్న సంచులు ఇక్కడి వాటికంటే బలహీనంగా అనిపిస్తాయి. అది కూడా నీళ్ల వల్లేనా?

ఆకు_రుచి
కాదు, బరువు వల్ల. యార్క్‌షైర్ టీ 80 సంచుల డబ్బా మీద 250 గ్రాములు అని ఉంటుంది. అంటే సంచికి 3 గ్రాములు దాటింది. మన దగ్గర 100 సంచుల డబ్బా సాధారణంగా 200 గ్రాములు, సంచికి 2. వాళ్లది 300 మిల్లీలీటర్ల మగ్గు కోసం చేసిన సంచి, మనది చిన్న కప్పు కోసం చేసినది. మన సంచిని పెద్ద మగ్గులో వేసి టీ పలుచగా ఉందంటే ఎలా?

డికాషన్_ప్రియుడు
నేను మొదటే చెప్పాను రెండు సంచులు వేయమని!

ఉత్తరగాలి
ఇండియా సంచులైతే మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

పోషణ_పద్మజ
ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను. నేను విజయవాడలో ఆహార నిపుణురాలిని. ఫలహారంతో *పాటు* గట్టి టీ తాగడం గురించి అందరూ సంతోషంగా రాస్తున్నారు. టీలోని టానిన్లు గింజలు, పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును పట్టేసుకుంటాయి, శరీరానికి అందనివ్వవు. మాంసంలోని ఇనుముకు ఈ ఇబ్బంది చాలా తక్కువ. అందుకే బేకన్ తినే ఇంగ్లీషు మనిషికీ, ఇడ్లీ, పెసరట్టు తినే మన ఇంటి ఆడపిల్లకూ తేడా ఉంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో నేను రోజూ చూస్తున్నాను. హిమోగ్లోబిన్ తక్కువ ఉన్నవారు, గర్భిణులు, ఐరన్ మాత్రలు వేసుకునేవారు దయచేసి తిన్న గంట తర్వాత తాగండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు కనీసం అరగంట ఆగండి. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతోంది. ఒక మగ్గు టీలో 75 దాకా ఉంటుందని వాళ్ల లెక్క.

నిమ్మచెక్క
పాలు పోస్తే ఆ టానిన్లు పోతాయి కదా?

పోషణ_పద్మజ
కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. పాల మీద భరోసా పెట్టుకోవద్దు. ఫలహారంలో జామకాయో, నిమ్మరసమో ఉంటే సి విటమిన్ వల్ల ఇనుము మెరుగ్గా అందుతుంది. టీకి మాత్రం గంట ఎడం ఇవ్వండి.

ఉత్తరగాలి
పద్మజ గారు, మీ మాట తీసేయలేను. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఫలహారం దగ్గర టీ మానమంటే ఈ చర్చకే అర్థం ఉండదు. ఆ టీ రుచి ఉన్నదే ఆ తిండి పక్కన. గంట తర్వాత తాగితే అది కేవలం టీ. నూనెలో వేగినవి తిన్నాక నోట్లో జిడ్డు పేరుకుంటుంది, ఆ జిడ్డును టీ వగరు కోసేస్తుంది. తర్వాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలా రుచిగా ఉంటుంది. కాఫీ ఆ పని చేయదు.

పోషణ_పద్మజ
ఆరోగ్యంగా ఉన్నవారిని నేను ఆపడం లేదు. అయితే చాలామందికి తమ రక్తంలో ఎంత ఉందో తెలియదు. ఒకసారి పరీక్ష చేయించుకుని ఆ తర్వాత నిశ్చింతగా తాగమంటున్నాను.

పెసరట్టు_ఉప్మా
మా అమ్మకు ఇదే సమస్య వచ్చింది. డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న "అన్నం తిన్న వెంటనే టీ తాగుతారా?" అని. మాత్రలు, టీ వేళలు వేరు చేశాక కుదుటపడింది. పద్మజ గారి మాట వినండి.

జిడ్డు కోసేయడం గురించి ఉత్తరగాలి గారు చెప్పింది కూడా నిజమే. నెయ్యి వేసి కాల్చిన పెసరట్టు, అల్లప్పచ్చడి, పక్కన చక్కెర లేని గట్టి టీ. నిన్న ఇక్కడ చదివి అలాగే చేసి చూశాను. అల్లం ఘాటు మీద ఆ వగరు పడితే, ఏం చెప్పను, మూడో పెసరట్టు అడిగాను.

పాతబస్తీ_కప్పు
అల్లప్పచ్చడి మీద వేడి టీ! నోరు మండలేదా?

పెసరట్టు_ఉప్మా
మండింది, బాగుంది.

చరిత్ర_చిట్టీ
ఈ అలవాటు ఇంగ్లండులో ఎలా పాతుకుపోయిందో ఎవరూ రాయలేదు. 18వ శతాబ్దంలో అక్కడ టీ మీద పన్ను టీ ధరను మించి ఉండేది, 119 శాతం. దొంగ రవాణా విపరీతంగా సాగేది. 1784లో పన్నును 12.5 శాతానికి తగ్గించారు, టీ సామాన్యుల ఇళ్లలోకి వచ్చింది. అప్పటికి అంతా చైనా ఆకే. అస్సాం టీ లండన్ వేలంలో మొదటిసారి అమ్ముడైంది 1839లో. ఆ తర్వాతే ఈ ముదురు ఎరుపు, ఈ బలం వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 నుంచి టీకి రేషన్ పెట్టారు, పెద్ద మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే దాదాపు 57 గ్రాములు. యుద్ధం ముగిసి ఏడేళ్లయినా, 1952 దాకా, ఆ రేషన్ ఎత్తివేయలేదు.

డికాషన్_ప్రియుడు
57 గ్రాములను ఏడు రోజులకు పంచితే రోజుకు 8 గ్రాములు. ఆకు_రుచి గారి లెక్కలో రెండున్నర మగ్గులకు మించి పెద్దగా రాదు. బాంబులు పడుతున్న రోజుల్లో రోజుకు రెండున్నర మగ్గులు!

చరిత్ర_చిట్టీ
ఇంకొకటి రాయాలి, ఇది మనకు సంబంధించినది. అస్సాం తోటలకు కూలీలు ఎక్కడి నుంచి వెళ్లారు? ఛోటా నాగపూర్ నుంచి ఎక్కువ, కానీ గంజాం, విశాఖ వైపు నుంచి తెలుగువారు కూడా వెళ్లారు. ఒప్పందం మధ్యలో పారిపోతే వారంటు లేకుండానే పట్టుకునే అధికారం తోట యజమానులకు చట్టమే ఇచ్చింది. వారి సంతతి నేటికీ అస్సాంలో తోటల్లో ఉన్నారు, తెలెంగా అని పిలుస్తారు. లండన్ వాడి ఫలహారపు బల్ల మీది టీలో మన శ్రీకాకుళం పల్లెల చెమట కూడా ఉంది. టీ తాగవద్దని నేను అనడం లేదు, నేనూ తాగుతాను. కానీ ఇంగ్లీషు టీ అని మనం అంత సులువుగా అంటున్నప్పుడు వాళ్లు గుర్తుకు రావాలి.

కొండనీరు
ఈ సంగతి నాకు తెలియదు. చాలా కృతజ్ఞతలు. మా అమ్మమ్మ వాళ్ల ఊరు టెక్కలి దగ్గర. తోటలకు వెళ్లి తిరిగి రాని చుట్టం ఒకాయన ఉన్నాడని చిన్నప్పుడు ఇంట్లో మాట్లాడుకునేవారు. ఏ తోటలకు అని అడగాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు.

ఆకు_రుచి
ఎగువ అస్సాంలో ఒక తోటకు పని మీద వెళ్లినప్పుడు తూకం దగ్గర నిలబడ్డ ఒక పెద్దావిడ నా ఫోను సంభాషణ విని "ఏ వూరు బాబూ" అని అడిగింది. యాస పూర్తిగా మారిపోయింది, మాట మాత్రం తెలుగే. ఆకు బుట్ట దించి, నెత్తి మీది గుడ్డ సర్దుకుని, సమాధానం కోసం నా ముఖం వైపే చూస్తూ నిలబడింది. కూలి రేట్ల గురించి ఇప్పటికీ అక్కడ ఆందోళనలు జరుగుతూనే ఉన్నాయి. చిట్టీ గారు రాసింది అక్షరాలా నిజం.

గ్రిడ్_గోపాల్
కొంచెం పక్కదారి, క్షమించాలి. విద్యుత్ శాఖలో పనిచేసిన వాణ్ణి, మాకు ఈ టీ పాఠ్యాంశం లాంటిది. బ్రిటన్‌లో టీవీ కార్యక్రమం అయిపోగానే జనం ఒక్కసారిగా లేచి కెటిల్ పెడతారు. 1990 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ పెనాల్టీలు ముగిసిన వెంటనే గ్రిడ్ మీద లోడు 2,800 మెగావాట్లు పెరిగింది. ఒక్కో కెటిల్ 3 కిలోవాట్లు లాగుతుంది మరి. ఇలాంటి పోటును తట్టుకోవడానికి వేల్స్‌లో డినోర్విగ్ అనే కేంద్రం ఉంది. రాత్రి నీళ్లు పైకి తోడి పెట్టుకుని, అవసరమైన క్షణంలో వదులుతారు. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని యంత్రాలు కూడా అలా రెండు వైపులా తిరిగేవే.

పాతబస్తీ_కప్పు
ఇంగ్లండు ఓడిపోయాక కూడా టీ పెట్టుకున్నారన్న మాట. ఆ బాధకు మందు అదే.

కొత్తగా_వచ్చాను
టీలో చిటికెడు ఉప్పు వేయమని ఒక అమెరికా ప్రొఫెసరు చెప్పినట్టు చదివాను. నిజమేనా?

ఉత్తరగాలి
నిజమే. 2024 జనవరిలో ఇక్కడ పెద్ద గొడవ అయింది. ఆవిడ పేరు మిషెల్ ఫ్రాంకల్, రసాయన శాస్త్రం చెబుతారు. ఉప్పులోని సోడియం చేదును కప్పేస్తుందని ఆవిడ వాదన. చివరికి లండన్‌లోని అమెరికా రాయబార కార్యాలయమే ఒక ప్రకటన ఇచ్చింది, టీలో ఉప్పు తమ అధికారిక విధానం కాదని, తాము మాత్రం మైక్రోవేవ్‌లోనే టీ చేసుకుంటామని. వారం రోజులు మా ఆఫీసులో అదే మాట.

ఆకు_రుచి
చెడిపోయిన టీని ఉప్పు కొంత కాపాడుతుంది. బాగా చేసిన టీకి దాని అవసరం లేదు.

నిమ్మచెక్క
నీళ్లు మరుగుతూ ఉండాలని అందరూ అంటున్నారు, కానీ హోటళ్లలో ఎవరూ పాటించరు. మొన్న ఒక పెద్ద హోటల్లో ఫలహారానికి వెళితే గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు, పక్కన పళ్లెంలో సంచి పెట్టి ఇచ్చారు. ఏ నీళ్లు పోసినా ఒకటే అనుకుంటారు కాబోలు. డబ్బు తీసుకుని ఇలా ఇస్తే కోపం రాదా?

ఆకు_రుచి
రావాల్సిందే. గ్రీన్ టీకి 80 డిగ్రీలు చాలు, గట్టి ఎర్ర టీకి మరిగే నీళ్లే కావాలి. ముందుగా పింగాణీ కెటిల్‌లో కాసిని వేడి నీళ్లు పోసి, తిప్పి, పారబోసి అప్పుడు ఆకు వేయాలి. చల్లని పింగాణీ మరిగే నీళ్ల వేడిని అక్కడికక్కడే లాగేస్తుంది.

రెడింగ్_రవళి
జగ్గు ఫిల్టరు తెచ్చాను. వెనిగర్‌తో కెటిల్ శుభ్రం చేశాను. ఆదివారం పొద్దున ఒకే డబ్బాలోని రెండు సంచులు, రెండు తెల్ల మగ్గులు, ఒకదానిలో కుళాయి నీళ్లు, ఒకదానిలో ఫిల్టరు నీళ్లు, నాలుగు నిమిషాలు. పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు టీలని ఎవరైనా అనుకుంటారు. ఫిల్టరు మగ్గులో అంచు దగ్గర బంగారు రంగు గీత ఒకటి కనిపించింది, కుళాయి మగ్గులో అది లేదు. ఏది ఏమిటో చెప్పకుండా మా వారికి ఇచ్చాను. ఫిల్టరు మగ్గు ఖాళీ చేసి, రెండోది అలాగే వదిలేశారు. అల్లం ప్రస్తావన తీసుకురాలేదు.

ఆకు_రుచి
ఆ బంగారు గీత తెచ్చేది థియాఫ్లేవిన్లు, టీకి రంగునిచ్చే పదార్థాలు. అది కనబడితే టీ సరిగా దిగినట్టే. పాలు పోశాక కూడా రంగు మెరుస్తూ ఉండాలి, మట్టి రంగులోకి పోకూడదు.

పెసరట్టు_ఉప్మా
మా బోరు నీళ్లకు కూడా ఇదే వైద్యమా? మా ఇంట్లో ఆర్ఓ యంత్రం ఉంది.

ఆకు_రుచి
బోరు నీళ్లలో సున్నంతో పాటు లవణాలూ ఎక్కువ, వాటితో టీ పెట్టవద్దు. ఆర్ఓ నీళ్లు మంచివే. కాకపోతే కొన్ని యంత్రాలు నీళ్లలోని ఖనిజాలన్నీ తీసేస్తాయి, అప్పుడు టీ కొంచెం చప్పగా ఉంటుంది. మున్సిపాలిటీ వారి నది నీళ్లు కాచి వాడితే నా నాలుకకు అవే అన్నిటికంటే బాగుంటాయి.

డికాషన్_ప్రియుడు
హైదరాబాద్‌లో విడి ఆకు కొందామనుకుంటున్నాను, సంచులు వద్దు. దుకాణంలో ఏమని అడగాలి? మాకు తెలిసింది డస్ట్ టీ ఒక్కటే.

ఆకు_రుచి
అస్సాం ఆర్థొడాక్స్ (ఆకును చుట్టి చేసే టీ), రెండో కోత, బీఓపీ రకం అని అడగండి. విరిగిన ఆకు కాబట్టి నాలుగు నిమిషాల్లో బలం దిగుతుంది. పొడవాటి ఆకు కొనవద్దు, అది నెమ్మదిగా దిగుతుంది, ఫలహారపు టీకి చాలదు. గుండ్రని గింజల సీటీసీ కూడా పనికొస్తుంది, రంగు ఎక్కువ, పరిమళం తక్కువ. 300 మిల్లీలీటర్లకు పోగుగా నింపిన రెండు టీ చెంచాలు. మొదట 100 గ్రాములే కొనండి. తెచ్చాక రేకు డబ్బాలో, మూత బిగించి, మసాలా అరకు దూరంగా పెట్టండి. ఇంగువ పక్కన పెట్టిన టీని బాగుచేసే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

పాతబస్తీ_కప్పు
డికాషన్_ప్రియుడు గారు, కొన్నాక నాకూ చెప్పండి, అందులో 50 గ్రాములు నాకు. చక్కెర నేను తెచ్చుకుంటాను.